సరిహద్దు దాటినవారు: హైదరాబాదు సంస్థానంలో శరణార్థులు, శిబిరాలు (1946–48)

ప్రాణభయంతో ఊరు విడిచిన మనిషికి ఒక్కొక్క భాష ఒక్కొక్క పేరు పెట్టింది. తెలుగులో పాత మాట కాందిశీకుడు. సంస్కృతం నుండి వచ్చిన ఈ మాటకు ‘ఏ దిక్కుకు పోవాలి’ అని అడిగేవాడని వ్యుత్పత్తి చెబుతారు. శరణార్థి అంటే ఆశ్రయం కోరి వచ్చినవాడు. ఉర్దూలో పనాహ్‌గుజీన్ అంటే ఆశ్రయాన్ని ఎంచుకున్నవాడు. ముహాజిర్ అన్నప్పుడు ఆ మాట వెనుక హిజ్రత్ చరిత్ర అంతా వచ్చి నిలబడుతుంది. అతడు కేవలం పారిపోయి వచ్చినవాడు కాడు, గౌరవింపదగిన అతిథి. ఒక భాష నుండి మరొక భాషకు గ్రంథాలను మార్చే పనిలో ఉన్నవారికి ఈ నాలుగు మాటలు ఒకటి కావని త్వరలోనే తెలిసివస్తుంది. ఒకే కాలంలో, ఒకే సంస్థానంలో ఇల్లు వాకిలి విడిచిన జనాన్ని తెలుగు పుస్తకాలు ఒక పేరుతోను, ఉర్దూ పుస్తకాలు మరొక పేరుతోను పిలిచాయి. పేరు మారినప్పుడు లెక్కలోనికి వచ్చే మనుషులు కూడా మారిపోయారు.

1946 చివరి నుండి 1948 చివరి వరకు, అనగా సుమారు రెండేళ్ళలో, హైదరాబాదు సంస్థానంలో మూడు ప్రవాహాలు కనిపిస్తాయి. మొదటిది బయటి నుండి లోపలికి వచ్చిన ముస్లిములది. రెండవది రజాకార్ల దౌర్జన్యానికి, సంస్థానపు పోలీసుల దాడులకు తాళలేక లోపలి నుండి బయటికి పోయిన ప్రజలది. వీరిలో అత్యధికులు హిందువులు. మూడవది 1948 సెప్టెంబరు తరువాత జిల్లాల నుండి రాజధాని నగరానికి పరుగెత్తిన ముస్లిములది. తెలుగు గ్రంథాలు రెండవ ప్రవాహాన్ని విపులంగా వర్ణిస్తాయి. ఉర్దూ గ్రంథాలు మొదటిదానిని, మూడవదానిని రాస్తాయి. రెండు భాషలూ చదవగలిగిన దేవరకొండ ముస్లిముకు రెండు సగం పుస్తకాలు దొరుకుతాయి, ఒక పూర్తి పుస్తకం దొరకదు. సెప్టెంబరు 17 అన్న ఒక్క రోజునే కొందరు విమోచనమన్నారు, కొందరు విలీనమన్నారు, ఉర్దూవారు సుకూతె హైదరాబాద్ అన్నారు, పల్లెల్లో అందరూ పోలీసు యాక్షన్ అన్నారు. 2022 నుండి ప్రభుత్వాలు కూడా ఆ రోజుకు తలా ఒక పేరు పెట్టి ఉత్సవాలు చేస్తున్నాయి. పేర్ల తగవు ఎట్లా ఉన్నా, అన్నం లేనివాడికి ఆ రోజుల్లో అన్నం ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు, ఆ పెట్టిన చోట ఇంకేమి జరిగింది అన్న ప్రశ్నలు వేరు. ఈ వ్యాసం ఆ ప్రశ్నలకే పరిమితం.

ముందుగా భూగోళం. హైదరాబాదు సంస్థానం 82 వేల చదరపు మైళ్ళకు పైబడిన దేశం, 16 జిల్లాలు. సముద్రం లేదు. 1947 ఆగస్టు 15 తరువాత నాలుగు వైపులా భారత ప్రభుత్వపు భూమి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు దక్షిణాన కృష్ణా నదే ఎల్ల. అవతలి ఒడ్డున మద్రాసు రాష్ట్రపు గుంటూరు, కర్నూలు జిల్లాలు. నల్లగొండకు తూర్పున కృష్ణా జిల్లా. అక్కడ జగ్గయ్యపేట, నందిగామ. ఇంకొక వింత కూడా ఉన్నది. మునగాల పరగణా చుట్టూ నిజాం భూమే, కాని ఆ పరగణా మాత్రం మద్రాసు రాష్ట్రంలో కృష్ణా జిల్లాకు చెందినది. సూర్యాపేట, హుజూర్‌నగర్ వైపు రైతుకు సరిహద్దు దాటడమంటే ఒక్కొక్కసారి పక్క ఊరి పొలిమేర దాటడమే.

దేవరకొండ సంగతి అట్లా కాదు. పటంలో చూస్తే కృష్ణ దగ్గరలోనే ఉన్నది. కాని ఆ భాగంలో నది లోతైన లోయలో ప్రవహించేది, రెండు వైపులా కొండలు, అవతల నల్లమల. నాగార్జునసాగర్ జలాశయం ఆనాడు లేదు. ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది 1955లో. తాలూకాకు రైలు లేదు. మహబూబ్‌నగర్ వైపు నుండి గద్వాల మీదుగా కర్నూలుకు రైలు ఉండేది. తూర్పున ఖమ్మం, మధిర మీదుగా బెజవాడకు రైలు ఉండేది. రెండూ దేవరకొండకు దూరమే. డిండి వాగు పక్క ఊరిలో ఉన్న కూలివాడు పిల్లలను భుజాన వేసుకొని బయలుదేరితే పోగలిగింది అడవికో, గుట్టకో, బంధువుల ఊరికో. సరిహద్దు శిబిరానికి చేరగలిగింది బండి కట్టుకోగలవారు, రైలు టిక్కెట్టు కొనగలవారు, అవతలి ఒడ్డున చుట్టాలు ఉన్నవారు, లేదా ఒక పార్టీ చెయ్యి పట్టుకొని నడిపించినవారు. ఈ విషయం ఎందుకు చెబుతున్నానంటే, శరణార్థుల చరిత్ర రాసేవారు శిబిరానికి వచ్చినవారినే లెక్క పెడతారు. రాలేనివారి లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో రాలేనివారే ఎక్కువ.

ఇక మొదటి ప్రవాహం. 1946 అక్టోబరు, నవంబరు నెలల్లో బీహారులో ముస్లిములపై ఘోరమైన హత్యాకాండ జరిగింది. అక్కడి నుండి కొందరు హైదరాబాదు చేరారు. 1947లో దేశ విభజన అల్లర్లు చెలరేగిన తరువాత మధ్య పరగణాలు, బేరారు, బొంబాయి రాష్ట్రపు జిల్లాల నుండి వచ్చినవారి సంఖ్య విపరీతంగా పెరిగింది. సంస్థానపు చివరి ప్రధాని మీర్ లాయఖ్ అలీ తన జ్ఞాపకాలను 1962లో కరాచీలో ప్రచురించాడు. వచ్చినవారి సంఖ్యను ఆయన లక్షలలో చెప్పాడు. ఆ అంకెను పూర్తిగా నమ్మాలా అన్నది వేరే చర్చ. వచ్చినవారు కడు దీనస్థితిలో ఉన్నారన్నది మాత్రం నిజం. నగరంలోని మసీదులు, దర్గాలు, ముసాఫిర్‌ఖానాలు వారికి మొదటి ఆశ్రయం. దర్గా లంగరులో ఇంత తిని, మసీదు వసారాలో పడుకొని రోజులు గడిపిన కుటుంబాలు ఎన్నో.

ఇది మన సంప్రదాయానికి కొత్త కాదు. మదీనాలో దైవప్రవక్త (స) మసీదును ఆనుకొని ఉన్న సుఫ్ఫా అరుగు ఇల్లు లేని ముహాజిర్లకు నివాసం. అన్సార్లు ఒక్కొక్కరు ఒక్కొక్క ముహాజిరును సోదరునిగా స్వీకరించారు. సఅద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం ఇస్తానంటే, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ బజారుకు దారి చూపించమని మాత్రమే అడిగిన సంగతి మదర్సాలో చదివే ప్రతి పిల్లవానికి తెలుసు. ఆ కథలో అన్సారు ఔదార్యాన్ని అందరూ మెచ్చుకుంటారు. ముహాజిరు అడిగినది తిండి కాదని, పని అని గమనించేవారు తక్కువ.

హైదరాబాదులో ఈ రెండవ అంశమే దెబ్బతిన్నది. వచ్చినవారికి పని లేదు, పొలం లేదు, భాష రాదు. కోపం మాత్రం ఉన్నది, కారణం కూడా ఉన్నది. ఖాసిం రజ్వీ నాయకత్వాన మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ రజాకారు దళాలను పెంచుతున్న రోజులవి. ఇల్లు కాలి వచ్చిన యువకునికి దుస్తులు, కర్ర, ఒక పేరు ఇచ్చి వరుసలో నిలబెట్టడం తేలిక. శరణార్థుల్లో కొందరు రజాకార్లలో చేరారని సమకాలీనులు పలువురు రాశారు. అందరూ చేరలేదు, చేరినవారి వల్ల చెడ్డపేరు మాత్రం అందరికీ వచ్చింది. ఆశ్రయం పొందినవాడు తనకు ఆశ్రయమిచ్చిన నేలమీది రైతుకే శత్రువుగా కనిపించసాగాడు.

రెండవ ప్రవాహాన్ని గురించి ముస్లిం పాఠకులు కొంచెం నిదానంగా చదవాలని మనవి. 1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెసు ‘భారత యూనియనులో చేరాలి’ అన్న ఉద్యమాన్ని ప్రారంభించింది. ఆగస్టు 15న దాని నాయకుడు స్వామి రామానందతీర్థను అరెస్టు చేశారు. నవంబరు 29న నిజాముకు, భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. కాగితం మీద శాంతి ఏర్పడిన తరువాతనే పల్లెల్లో పరిస్థితి మరింత చెడింది. రజాకారు దళాలు ఊళ్ళ మీద పడి పన్ను వసూలు చేయడం, ఎదురు తిరిగితే ఇళ్ళు తగలబెట్టడం నిత్యకృత్యమైంది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ పేరు తెలంగాణలో నేటికీ ఎవరూ మరువలేదు. ఈ దళాలు ఇస్లాం పేరు చెప్పుకున్నాయి. వాటికి భయపడి ఊరు విడిచిన రైతు, కోమటి, సాలె, బడిపంతులు వీరంతా శరణార్థులే. వారిని ఉర్దూ గ్రంథాల్లో చాలావరకు కాంగ్రెసు కుట్రదారులుగానో, పంచమాంగ దళంగానో ఒక్క వాక్యంతో ముగించడం న్యాయం కాదు. అబిసీనియాలో క్రైస్తవ రాజు నజాషీ నీడన తలదాచుకున్న తొలి ముస్లిముల కథ చదివినవారికి, పరాయి గడ్డ మీద ఆశ్రయం కోరడమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర లేదు.

రజాకార్లను ఖండించిన ముస్లిములు ఆనాడే ఉన్నారు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు భారత యూనియనులో చేరడమే మేలని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలని బహిరంగ ప్రకటన చేశారు. వారిలో ఒకరైన ఫరీద్ మీర్జా ప్రభుత్వ ఉద్యోగాన్ని వదులుకున్న తహసీల్దారు. తన అనుభవాలను 1976లో గ్రంథరూపంలో ప్రచురించాడు. ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆగస్టు 21 రాత్రి నడివీధిలో నరికి చంపారు. ఆయన ఆ పత్రికలో రాసింది ఇదే వైఖరి.

బయటికి పోయినవారి కోసం సరిహద్దు పొడవునా శిబిరాలు వెలిశాయి. తెలంగాణవారికి బెజవాడ ముఖ్యకేంద్రం. కర్నూలు వైపు, ఉత్తరాన చాందా వైపు కూడా శిబిరాలు నడిచాయి. మరాఠ్వాడావారికి మన్మాడు, షోలాపూరు. కన్నడ జిల్లాలవారికి గదగు. తరువాత భారత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు యౌవనంలో చాందా శిబిరంలో పనిచేశాడు. ఈ శిబిరాల్లో వచ్చినవారికి నీడ చూపారు, తిండి పెట్టారు. అవతలి ఊళ్ళ ప్రజలు ఆదరించారు. భాష ఒకటే, వంట ఒకటే. జొన్నరొట్టె తినేవాడు వరి అన్నం తినవలసి వచ్చిందే తప్ప పరాయిదేశం వచ్చినట్టు లేదు.

అయితే ఇవే శిబిరాలు ఇంకొక పని కూడా చేశాయి. అక్కడి నుండి సాయుధ దళాలు సరిహద్దు దాటి సంస్థానంలోనికి వచ్చి కరోడ్‌గిరీ నాకాల మీద, పోలీసు ఠాణాల మీద దాడులు చేసి తిరిగిపోయేవి. ఇది ఎవరో ప్రత్యర్థులు మోపిన నింద కాదు. ఉద్యమకారులు తమ జ్ఞాపకాల్లో సగర్వంగా రాసుకున్న విషయం. 1948 జనవరిలో నాందేడు జిల్లా ఉమ్రీలో బ్యాంకును కొల్లగొట్టి లక్షల రూపాయలు తెచ్చారు. ఆ సొమ్ము సరిహద్దు శిబిరాల కార్యక్రమాలకు వినియోగపడింది. ఇటు మునగాల పరగణా కమ్యూనిస్టు దళాలకు ఆశ్రయం. ఉద్యమం దృష్టిలో ఇదంతా యుద్ధనీతి. నిరాయుధుడైన శరణార్థి దృష్టితో చూస్తే మాత్రం చిక్కు ఏర్పడుతుంది. తన పొయ్యి పక్కనే తుపాకి ఉన్నది. తాను విడిచివచ్చిన ఊరిలో మిగిలిన తల్లిదండ్రులను రజాకార్లు ‘మీవాడు కాంపులో ఉన్నాడు’ అని పట్టుకుంటారు. శిబిరానికి పోవడమే నేరమవుతుంది.

ఇటువైపు కూడా అదే కలగలుపు. హైదరాబాదుకు సరుకులు రాకుండా ఆర్థిక దిగ్బంధనం చేస్తున్నారని, మందులు, నీటిని శుద్ధి చేసే క్లోరిన్ కూడా ఆగిపోయాయని నిజాం ప్రభుత్వం ఫిర్యాదు చేసింది. ఆ ఆరోపణను భారత ప్రభుత్వం అంగీకరించలేదు. ఆ సమయంలోనే సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు పాకిస్తాను నుండి రాత్రిపూట విమానాలు నడిపి హైదరాబాదుకు సరుకు చేరవేశాడు. అందులో మందులు ఉన్నాయి, ఆయుధాలూ ఉన్నాయి. అక్రమంగా ఆయుధాలు చేరవేసినందుకు తరువాత ఇంగ్లండు న్యాయస్థానం ఆయనకు 200 పౌండ్ల జరిమానా విధించింది. కలరా రోగికి కావలసిన మందు, పల్లెటూరి రైతును చంపే తూటా ఒకే విమానంలో దిగినప్పుడు, ఆ విమానాన్ని ఆపమన్నవాడూ సగం నిజమే చెబుతున్నాడు, ఆపవద్దన్నవాడూ సగం నిజమే చెబుతున్నాడు.

ఇక్కడ ఫిఖహ్‌లోని ఒక పదాన్ని పాఠకులకు గుర్తుచేయడం అవసరం. తౌబా సూరా 6వ ఆయత్ శరణు కోరిన ముష్రికుకు సైతం ఆశ్రయం ఇవ్వమని ఆదేశిస్తుంది. అక్కడితో ఆగదు. అతణ్ణి అతని ‘మఅమన్’కు చేర్చమంటుంది. అమ్న్, అమాన్, ఈమాన్ ఏ ధాతువు నుండి వచ్చాయో మఅమన్ కూడా దాని నుండే వచ్చింది. భయం లేకుండా ఉండగలిగిన చోటు అని భావం. ఈ ఆయత్ యుద్ధ సందర్భంలో అవతరించినదన్నది గమనార్హం. అనగా యుద్ధం సాగుతున్నప్పుడే, యుద్ధానికి అంటని ఒక స్థలం ఉండాలని శాసనం. అన్నం పెట్టడంతో ఆశ్రయమిచ్చినవాని బాధ్యత తీరదు. ఆ అన్నం తినే చోటు నుండి ఎవరూ దాడికి బయలుదేరకూడదు, ఆ చోటికి ఎవరూ దాడికి రాకూడదు. ఆ కొలతతో చూస్తే 1948లో సరిహద్దుకు ఇవతలగాని అవతలగాని పూర్తి మఅమన్ అనదగినది ఒక్కటైనా ఉన్నదా అని నాకు అనుమానం.

ఆధునిక న్యాయశాస్త్రం ఈ సంగతిని చాలా ఆలస్యంగా గుర్తించింది. 1969లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ శరణార్థులపై చేసుకున్న ఒడంబడిక, వారిని స్వదేశపు సరిహద్దుకు తగినంత దూరంలో ఉంచాలని ఆశ్రయమిచ్చే దేశాలకు సూచించింది. ఆ సూచనను పాటించనప్పుడు ఏమవుతుందో 1994లో రువాండా సరిహద్దున గోమా శిబిరాల్లో లోకం చూసింది. కలరాతో వేలాదిమంది చనిపోయారు. బతికినవారి రేషను హంతకముఠాల చేతిలోనికి పోయింది. చివరకు సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ ఫ్రెంచి విభాగం, తమ అన్నం, మందులు హంతకులను పోషిస్తున్నాయని చెప్పి అక్కడి నుండి వెళ్ళిపోయింది. వెళ్ళిపోవడం సరైనదా కాదా అని నేటికీ వాదన సాగుతూనే ఉన్నది.

ఆయుధం లేని శిబిరం మాత్రం సుఖమైన చోటని అనుకోవద్దు. హైదరాబాదు సరిహద్దున ఇవి జరుగుతున్న రోజుల్లోనే ఢిల్లీలో పురానా ఖిలా, హుమాయూన్ సమాధి ఆవరణలు ముస్లిం శరణార్థులతో నిండిపోయాయి. పశ్చిమ పంజాబు నుండి వచ్చిన హిందువులు, సిక్కుల కోసం కురుక్షేత్రంలో పెట్టిన శిబిరంలో దాదాపు 3 లక్షలమంది ఉండేవారు. పురానా ఖిలాలో మొదటి రోజుల్లో డేరాలు లేవు, తాగే నీరు చాలదు, మరుగుదొడ్లు లేవు. అక్కడ సేవచేసిన బేగం అనీస్ కిద్వాయి ‘ఆజాదీ కీ ఛాఁవ్ మేఁ’ అనే పుస్తకం రాశారు. అది 1974లో అచ్చయింది. ఆమె భర్త షఫీ అహమద్ కిద్వాయిని 1947 అక్టోబరులో ముస్సోరీలో హత్య చేశారు. ఆమె గాంధీ వద్దకు పోయారు. ఆ తరువాత శిబిరాల పనిలో దిగారు. ఆ పుస్తకం చదివినవారికి శిబిరం నడపడమంటే ఏమిటో తెలుస్తుంది. దుప్పట్లు ఎవరికి అందాయి, ఎవరు రెండుసార్లు తీసుకున్నారు, కాన్పు ఎక్కడ చేయాలి, చనిపోయినవారికి కఫను గుడ్డ ఎక్కడిది, తల్లి తప్పిపోయిన పిల్లను ఎవరికి అప్పగించాలి, ఎత్తుకుపోయిన ఆడపిల్లను తెచ్చినా ఇంటివారు రానిస్తారా, ఇవీ ఆమె పనులు. ఉపన్యాసాలు ఇచ్చినవారు చాలామంది. మరుగుదొడ్డి తవ్వించినవారు కొద్దిమంది.

వైద్యం విషయంలో ఒక్క మాట. శిబిరంలో మనుషులను చంపేది ఎక్కువగా తుపాకి కాదు, నీరు. 1948లో కలరా వస్తే టీకా సూది, నరం ద్వారా ఎక్కించే సెలైను, ఈ రెండే దిక్కు. రెండవది పట్నపు ఆసుపత్రి దాటి రాదు. 1971లో తూర్పు బెంగాలు నుండి దాదాపు కోటిమంది వచ్చినప్పుడు, బొన్‌గావ్ ఆసుపత్రిలో సెలైను అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ నీటిలో ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపి డ్రమ్ముల్లో నింపి తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4కు లోపు దిగాయి. ప్రతి పల్లెలో నేడు దొరికే ఓఆర్ఎస్ పొట్లానికి ఉన్న పేరు చాలామటుకు ఆ సరిహద్దు శిబిరంలో వచ్చిందే. 1948లో దేవరకొండ తాలూకాలో గుట్టల వెంట దాగిన తల్లికి ఉప్పూ బెల్లమూ తెలియనివి కావు; వాటిని కలిపి తాగిస్తే బిడ్డ బతుకుతుందని చెప్పేవారే లేరు.

మూడవ ప్రవాహానికి వస్తున్నాను. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం అన్ని వైపుల నుండి సంస్థానంలో ప్రవేశించింది. బెజవాడ నుండి వచ్చిన దళం నల్లగొండ జిల్లా మీదుగానే, కోదాడ, మునగాల, సూర్యాపేట దారిన సాగింది. 17న నిజాం లొంగిపోయాడు. మరునాడు ఎల్ ఎద్రూస్ తన సైన్యాన్ని జనరల్ చౌధురికి అప్పగించాడు. యుద్ధం అయిదు రోజుల్లో ముగిసింది. ఆ తరువాత పల్లెల్లో ముస్లిముల మీద ప్రతీకారం మొదలైంది. చేసినదానికి శిక్ష అనుభవించవలసిన రజాకారు నాయకులు చాలావరకు జైళ్ళలో భద్రంగా ఉన్నారు. దెబ్బ తగిలింది దూదేకులవానికి, బండి తోలేవానికి, ఠాణా జవానుకు, చిన్న దుకాణదారుకు.

నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, ‘పయాం’ పత్రిక సంపాదకులైన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు సంస్థానంలో పర్యటించారు. 9 జిల్లాలు తిరిగారు. 109 గ్రామాల నుండి వచ్చిన 500 మందికి పైగా వాంగ్మూలాలు విన్నారు. వారి నివేదిక ప్రకారం, తక్కువలో తక్కువ అంచనాకు, రాష్ట్రమంతటా 27 వేల నుండి 40 వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అందరికన్నా ఎక్కువ నష్టపోయాయి. అక్కడ 18 వేలమంది. తరువాతి వరుసలో ఔరంగాబాదు, బీడు, నల్లగొండ, మెదకు. ఈ నాలుగింటిలో కలిపి కనీసం 5 వేలమంది. ఖాసిం రజ్వీ సొంత ఊరు లాతూరులో సుమారు 10 వేల ముస్లిములకు 3 వేలమంది కూడా మిగలలేదు. వెయ్యిమందికి పైగా చనిపోయారు, మిగిలినవారు పారిపోయారు. ఆ నివేదిక రజాకార్లు అంతకు ముందు చేసిన అత్యాచారాలను దాచలేదు. సైనికులు, పోలీసులు కొన్నిచోట్ల దోపిడిలోను, హత్యల్లోను పాల్గొన్నారని, మరికొన్నిచోట్ల ముస్లిములను కాపాడారని రెండూ రాసింది. నివేదికను ప్రభుత్వం అచ్చు వేయలేదు. 2013 ప్రాంతంలోగాని అది సామాన్య పాఠకుల చేతికి రాలేదు.

ఈ ముస్లిములు ఏ శిబిరానికి పోవాలి? మొదటి ప్రవాహానికి లోపలికి రావడానికి సరిహద్దు ఉన్నది, రెండవదానికి బయటికి పోవడానికి సరిహద్దు ఉన్నది. సెప్టెంబరు 18 నాటికి సరిహద్దే లేదు. అవతలి ఒడ్డు, ఇవతలి ఒడ్డు ఒకే ప్రభుత్వం. కనుక వారు న్యాయపరిభాషలో శరణార్థులే కారు. సొంత రాష్ట్రంలో ఒక ఊరి నుండి మరొక ఊరికి పోయిన మనుషులు మాత్రమే. వారికి దిక్కు హైదరాబాదు నగరం. నగర జనాభా 1941లో 7 లక్షల 39 వేలు. 1951లో 10 లక్షల 85 వేలు. ఈ పెరుగుదల అంతా వారిదేనని అనలేము, కాని అందులో వారి పాలు తక్కువేమీ కాదు. పాతనగరపు ఇరుకు గల్లీల్లో ఒక గదికి రెండు కుటుంబాలు చేరాయి. నిన్నటివరకు దర్గా లంగరులో బీహారువానికి పెట్టినవారే నేడు బీదరువానికి పెట్టారు. మొదటి ప్రవాహంలో వచ్చిన బయటి రాష్ట్రాలవారిలో చాలామందిని కొత్త ప్రభుత్వం వారి వారి ప్రాంతాలకు తిరిగి పంపించింది. ఎక్కడి నుండి పారిపోయి వచ్చారో అక్కడికే. మఅమన్ అన్న మాటను ఇక్కడ వాడడానికి మనసొప్పదు.

సుందర్‌లాల్ బృందపు నివేదికలో, అంకెల కన్నా తక్కువగా ఉటంకించబడే ఒక భాగం ఉన్నది. హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన ఉదంతాలను వారు విన్నారు. ముఖ్యంగా ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య ఈ బంధం బలంగా కనిపించిందట. హిందూ నేతపనివారు ముస్లిం నేతపనివారికి అడ్డు నిలబడ్డారు. అందులో కొందరు చనిపోయారు. దీనికి కారణం వెతకడానికి పెద్ద సిద్ధాంతం అక్కర లేదు. నూలు ఒకే షావుకారి దగ్గర అప్పు తెచ్చుకునేవారు, గుడ్డ ఒకే సంతలో అమ్ముకునేవారు, ఒకరి మగ్గం ఆగితే రెండవవాని ఇంట ఆకలి తెలుస్తుంది. సరిహద్దు దాటనక్కర లేకుండా, పక్కింటి గోడ వెనుకనే కొందరికి దొరికిన మఅమన్ ఇది. దీనికి రిజిస్టరు లేదు, చందా లేదు, తుపాకి లేదు.

నల్లగొండ జిల్లా విషయంలో రెండు సాక్ష్యాలు ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తాయి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణ పోరాట చరిత్రలో, తమ పార్టీ బలంగా ఉన్న ప్రాంతాల్లో సామాన్య ముస్లిములను కాపాడుకున్నామని, అందువల్లనే మరాఠ్వాడాలో జరిగినంత ఘోరం ఇక్కడ జరగలేదని రాశారు. సుందర్‌లాల్ నివేదిక అత్యధికంగా నష్టపోయిన ఎనిమిది జిల్లాల్లో నల్లగొండను చేర్చింది. ఒకటి నిజమైతే రెండవది అబద్ధం కావాలన్న నియమమేమీ లేదు. సూర్యాపేట తాలూకాలో జరిగినది దేవరకొండ తాలూకాలో జరగకపోవచ్చు. దళం ఉన్న ఊరిలో ఒకటి, లేని ఊరిలో ఇంకొకటి జరిగి ఉండవచ్చు. నివేదిక నాలుగు జిల్లాలకు కలిపి ఒక అంకె ఇచ్చింది, పార్టీ గ్రంథం ప్రాంతానికంతటికీ ఒక మాట చెప్పింది. ఊరివారీగా రాసుకోవలసిన పని అట్లాగే మిగిలిపోయింది.

1948లో పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారికి ఇప్పుడు తొంభైకి దగ్గర. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట వైపు పల్లెల్లో అటువంటివారు ఇంకా కొందరుంటారు. ముస్లిములు, హిందువులు, లంబాడీలు. వారిని విమోచనమా విలీనమా అని అడిగితే మనకు తెలిసిన సమాధానమే వస్తుంది. ఆ సంవత్సరం మీ ఇంటివారు ఎక్కడికి పోయారు, దారిలో అన్నం ఎవరు పెట్టారు, జ్వరమొస్తే ఎవరు చూశారు, తిరిగివచ్చేసరికి ఇంట్లో ఎవరున్నారు అని అడగాలి. అడిగినవారు చెప్పినవారి మాటను చెప్పిన భాషలోనే, ఊరి పేరు వేసి, తేదీ వేసి రాసిపెట్టాలి. తర్జుమా తరువాతనైనా చేసుకోవచ్చు.